కరియకు పెట్టిన ద్రాక్షలు

ఈసారి ఉగాదినాడు మా మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వేళ్ల మధ్యనున్న ద్రాక్షపండును లాక్కుంది.

బెంగుళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అమ్మాయి వాళ్ల ఫ్లాటు. భోజనాలయ్యాక పళ్లెంలో నాలుగు పళ్లు పెట్టుకుని సోఫాలో కూర్చున్నాను. వాళ్ల కుక్క వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించి పైకి చూసింది. పండగపూట అడగడానికి నోరు లేనిదాన్ని ఎదురుగా పెట్టుకుని ఒక్కదాన్నే తినడం నాకు చేతకాదు. ఒక పండు తుంచి దాని మూతి దగ్గరికి తీసుకెళ్లాను. పిల్ల ఎక్కడినుంచి చూసిందో పరుగెత్తుకొచ్చింది.

"అమ్మమ్మా, గ్రేప్స్ పెట్టకూడదు. దానికి టాక్సిక్."

"పండే కదే. నేనూ తింటున్నాను."

"మనకి పండే. కుక్కలకి విషం. కిస్‌మిస్ కూడా అంతే. అందుకే కదా పొద్దున పాయసం పెట్టొద్దన్నాను."

పొద్దున వంటింట్లో చెప్పిన మాట నిజమే. ఉల్లిపాయ వేసినవి వద్దంది, చాక్లెట్ వద్దంది, మర్నాడు వండే మాంసంలో ఎముకలు వద్దంది. తాలింపు పెట్టకముందే కొంచెం చప్పిడి అన్నం, ఉడికిన గుమ్మడికాయ ముక్కలు వేరే గిన్నెలోకి తీయించింది. ఈ కాలపు పిల్లల చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

"తింటే ఏమవుతుంది?" అని మాటవరసకి అడిగాను.

"ఫస్ట్ వామిటింగ్స్. తర్వాత తిండి మానేస్తుంది. కిడ్నీస్ పోతాయి, యూరిన్ ఆగిపోతుంది. ఇంక అంతే." అది కుక్క చెవులు నిమురుతూ మామూలుగా చెప్పుకుపోతోంది. "అన్ని కుక్కలకీ అవ్వదట. కొన్ని ఎంత తిన్నా బానే ఉంటాయి, కొన్నిటికి కొంచెం చాలు. మొన్నమొన్నటిదాకా డాక్టర్స్‌కే తెలీదట."

మూత్రం ఆగిపోతుందన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా వాకిట్లో పాతిన రాతికూసం పక్కన ఒక నల్ల కుక్క కాలెత్తి నిలబడి, ఏమీ రాక దించి, అవతలికి వెళ్లి, మళ్లీ వచ్చి కాలెత్తడం నా చిన్నప్పుడు నేను అరుగు మీద కూర్చుని చూశాను. అది ఎందుకలా చేస్తోందో ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఇన్నేళ్లూ తెలియలేదు.

మాది కాడుగోడి. అప్పటికది బెంగుళూరులో కలవలేదు. స్టేషన్లో బొగ్గు రైలు ఆగితే ఆ పొగ వాసన మా వంటింటిదాకా వచ్చేది. అవ్వ ఉతికి ఆరేసిన చీర తడిమి చూసుకుని రైలును తిట్టేది. ఇళ్లలో మేము తెలుగు, సంతలో కన్నడం, స్టేషన్ దగ్గర కొంచెం అరవం. ఏది ఎక్కడ మాట్లాడాలో పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మా ఇంటి పక్కనే మామ ఇల్లు. మామ అంటే చుట్టరికం కాదు, మా నాయనా ఆయనా చిన్ననాటినుంచి ఒకరినొకరు బావా అని పిలుచుకున్నారు కాబట్టి మాకు మామ. రెండిళ్లకూ మధ్య నడుమెత్తు మట్టిగోడ. ఉలవచారు గిన్నె అటు వెళ్తే వేరుశనక్కాయల చాట ఇటు వచ్చేది. ఒకే బావి నీళ్లు మా రాగి చేలోకీ వాళ్ల ద్రాక్షతోటలోకీ పారేవి.

ఆ తోట వాసన వేరు. నల్లద్రాక్ష, గింజ ఉండేది, తోలు మందం. పళ్లు పండే కాలంలో పందిరి కిందికి పోతే మత్తుగా ఉండేది. మామకు ఒక కూతురు, నా ఈడుది. మేమిద్దరం పందిరి కింద పడుకుని పళ్లు కొరికి తోళ్లు పెదాలకు పూసుకుని పెళ్లికూతుళ్లమయ్యేవాళ్లం. ఆ ఊదారంగు రెండు రోజులైనా వదిలేది కాదు. ఇంట్లో దాచినా దాగేది కాదు. మా వెంట మా కరియ వచ్చేది. రాలిన పళ్లను మూతితో తోసి చూసి, పులుపుకు తుమ్మి అవతలికి పోయేది.

కరియ మా ఇంటి కుక్క. నల్లగా ఉంటుందని కన్నడంలో ఆ పేరు. దాన్ని పెంచింది మా అవ్వ, నాయన తల్లి. కుక్కపిల్లగా ఉన్నప్పుడు రైలుకట్ట దగ్గర దొరికితే కొంగులో వేసుకొచ్చి మేకపాలు తాగించింది. దానికి పెట్టకుండా ఆమె ముద్ద నోట పెట్టుకోవడం నేను చూడలేదు. "నోరుండేవాళ్లు అడిగి తింటారు. ముందు దానికి పెట్టల్ల," అనేది. మేం తిన్నదే అదీ తినేది. సంగటి, పప్పు, పండగొస్తే ఓబట్లు, అదే బొబ్బట్లు. కుక్కకు వేరే తిండి ఉంటుందని చెబితే అవ్వ నవ్వి ఉండేది.

దానికున్న ఒకే దుర్గుణం కోళ్లు. మామ ఇంట్లో కోళ్లుండేవి. ఆ ఏడు ఉగాదికి కొన్నాళ్ల ముందు కరియ గోడ దూకి పొదిగే పెట్టను నోట కరుచుకుని వచ్చింది. మామ చచ్చిన కోడిని కాళ్లు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. మనిషి మంచివాడే, కోపం మాత్రం ముందు నోట్లోకి వచ్చేది.

"ఇంకొకసారి ఇట్ల జరిగితే మందు పెట్టి సంపేస్తా, చెప్పుండా," అన్నాడు.

"నా కుక్కకు మందు పెట్టేంత మొగోడివా బావా?" అన్నాడు నాయన.

వీధిలో నలుగురూ నిలబడి విన్నారు. రెండిళ్ల మధ్య గిన్నెలు తిరగడం ఆగింది. నేనూ మామ కూతురూ మాత్రం బావి దగ్గర కలుసుకునేవాళ్లం.

పండగ ముందురోజు మామ భార్య గోడ దగ్గరికి వచ్చింది. ఆమెకు అప్పటికి నెలలు నిండుతున్నాయి. తట్ట నిండా ద్రాక్షపళ్లు గోడ మీద పెట్టి, ఆయాసపడుతూ అవ్వను పిలిచింది.

"కోపంలో ఏమో అనేసినాడంట పెద్దమ్మా. మనసులో పెట్టుకోవద్దని చెప్పమన్న్యాడు. రాను సిగ్గు ఆయప్పకి."

అవ్వ మొహం విప్పారింది. "నాకు తెల్వదామ్మా వాడి సంగతి. నా చేతిలో పెరిగినోడు," అని ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు బరువు ఎత్తొద్దు. పిల్లతో పంపిచ్చల్ల ఇవన్నీ."

ఆ పళ్లతోనే అవ్వ పండగకు రసాయన చేసింది. పళ్లను చిదిమి, గింజలు తీసి, బెల్లం, కొబ్బరిపాలు, ఏలకులు కలిపే తీపిని మా వైపు అలా అంటారు. ఓబట్ల మీద పోసుకుని తింటే ఆ రుచి వేరు. ఉగాదినాడు ఇల్లంతా ఆముదం, సీకాయ, పెనం మీద నెయ్యి వాసన. తలంట్లయ్యాక మిగిలిన సీకాయ నీళ్లతో నేను కరియకు కూడా తల రుద్దాను. అది వీధంతా పరుగెత్తి మట్టిలో పొర్లి వచ్చింది. అమ్మ నన్ను తిట్టింది.

రైల్లో వస్తామన్న చుట్టాలు రాలేదు. అందుకని పెద్ద సత్తుగిన్నెలో సగం రసాయన మిగిలిపోయింది. మధ్యాహ్నం ఎండకు అది పులిసిపోతుందని అమ్మ గొణిగింది. పారబోయడానికి అవ్వకు మనసొప్పలేదు. కరియ తినే రాతి తొట్టిలోకి వంచేసింది. పుల్లటి పళ్లను తుమ్మి వదిలేసే కుక్క, బెల్లం కలిసేసరికి తొట్టి అడుగు మెరిసేదాకా నాకింది. మూతి ఊదారంగయింది. అవ్వ దాని పక్కన కూర్చుని, "తినప్పా. సమ్మచ్చరమంతా తీపి తింటా ఉండు," అంది. మేమంతా దాని మూతి చూసి నవ్వాం. గోడకవతల మామ కూడా చూసి నవ్వాడు. మళ్లీ మాటలు కలిసినట్టే అనిపించింది.

సాయంత్రానికి అది కక్కింది. కడుపు నిండా తినింది కదా అనుకున్నాం.

మర్నాడు హొసతొడకు. ఉగాది తర్వాతి రోజు మా వైపు మాంసం పండగ. ప్రతి ఇంట్లోనూ మసాలా నూరే చప్పుడు, వీధంతా పొట్టేలు మాంసం ఉడికే వాసన. ఆ వాసనకు ఊరి కుక్కలన్నీ గుమ్మాల దగ్గర కాపు కాస్తుంటే కరియ అరుగు కింద నుంచి లేవలేదు. అవ్వ మూలుగ ఉన్న ఎముక తెచ్చి ముందు పెట్టింది. అది వాసన కూడా చూడలేదు. ఊరికే తోక ఒకసారి కదిపింది. అప్పుడు అవ్వ భయపడింది. పసుపు కలిపిన మజ్జిగ తాగించింది, అది కక్కింది. నీళ్లు తాగింది, అవీ కక్కింది. ఆ తర్వాత నేను చెప్పానే, రాతికూసం దగ్గర నిలబడటం, అది మొదలయింది. నిలబడే శక్తి పోయాక మట్టిగోడ వారగా పోయి పడుకుంది.

మామ గోడ మీదినుంచి తొంగి చూసి, దాటి ఇటు వచ్చాడు. కరియ పక్కన గొంతుకూర్చుని దాని కడుపు మీద చెయ్యి పెట్టాడు.

"ఏమాయె బావా దీనికి?"

నాయన మామ వైపు తిరిగాడు. "నీకు తెలీదా?" అన్నాడు.

మామకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు. "నేను పెట్టలేదు బావా."

"ఊరంతా వినేటట్ల నువ్వే చెప్తివి కదా."

"అన్న్యా. అన్నంతమాత్రాన చేస్తానా? దీన్ని సంపుతానా నేను?"

నాయన ఇంట్లోకి వెళ్లిపోయాడు. మామ అవ్వ వైపు చూశాడు. అవ్వ కుక్క తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలెత్తలేదు. ఆమె తలెత్తి ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో అని నాకిప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆమెకు ఇంకో కారణం కనబడలేదు. కరియ తిన్నదంతా ఆమె చేతులతో పెట్టిందే. మేమంతా తిన్నదే. మాకెవరికీ ఏమీ కాలేదు. తప్పు ఇంకెక్కడ ఉంటుంది?

ఆ మర్నాడు పొద్దెక్కాక కరియ పోయింది. పెరట్లో మునగచెట్టు దగ్గర నాయన గుంట తవ్వాడు. అవ్వ తన పాత చీర ఒకటి చుట్టి ఇచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఊరి పెద్దలు రెండువైపులా విని ప్రమాణం చేయమన్నారు. ఆంజనేయుడి గుడి ముందు వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పాలి. అక్కడి మాటంటే అక్కడితో తగువు తెగినట్టు. మామ మారు మాట్లాడకుండా వెళ్లాడు. ఊరంతా వెళ్లింది. నేను అమ్మ నడుం దగ్గర నిలబడి చూశాను. కర్పూరం మీద అరచెయ్యి ఆన్చి, "ఆ నోరు లేనిదానికి నేను మందు పెట్టుంటే నా ఇల్లు నాశనమైపోనీ," అన్నాడు. తర్వాత చెయ్యి తిప్పి నాయనకు చూపించాడు. నాయన అవునని గానీ కాదని గానీ అనకుండా ఇంటి దారి పట్టాడు. అయినా ఊళ్లో చాలామంది నమ్మారు. మా అమ్మ నమ్మింది. మళ్లీ నేను పక్కింటికి వెళ్లి ఆడుకోవచ్చని నాకు ఆశ కలిగింది.

ఆ నెల తిరక్కుండానే మామ భార్యకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసింది. బండి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

ఆ పొద్దు మా వీధిలో ఏడ్చినవాళ్లే, సాయంత్రానికి గొంతు తగ్గించి ఇంకో మాట అనుకోవడం మొదలుపెట్టారు. మా అవ్వ ద్రాక్షపళ్ల తట్ట మోసుకొచ్చిన ఆ ఇల్లాలిని తలుచుకుని గుండెలు బాదుకుంది. బాదుకుంటూనే, "కర్పూరం ఆర్పి అబద్ధం చెప్తే ఇట్లనే అవుతాది. వాడు చేసినదానికి ఆ తల్లి పోయె," అంది. ఆమెలో కసి లేదు. దుఃఖంతోనే అంది. అందుకే ఎవరూ కాదనలేకపోయారు.

మామ తర్వాత ఎవరితోనూ వాదించలేదు. సంతలో ఆయన పక్కన కూర్చునేవాళ్లు లేరు. బావి దగ్గర ఆయన వస్తే మిగతావాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లు. తోటకు మందు కొట్టడం మానేశాడు. ఆకులకు బూజు పట్టింది. పందిరి ఒకవైపు ఒరిగిపోయింది. వానలు పోయేసరికి తోట ఇంకొకరికి రాసిచ్చి, సామాను బండికెక్కించి కూతుర్ని తీసుకుని ఊరు విడిచాడు. బండి మీద మూటల మధ్య కూర్చుని ఆ పిల్ల మా ఇంటివైపు చూసింది. అమ్మ నన్ను లోపలికి రమ్మని పిలిచింది. అంతే మా స్నేహం.

నాయన ఇంకే మనిషినీ బావా అని పిలవగా నేను వినలేదు. ఇంట్లో మళ్లీ కుక్కను పెంచలేదు. అవ్వ ముద్ద తీసి చేతిలో పట్టుకుని అలవాటుగా అరుగు వైపు చూసి, మళ్లీ కంచంలో పెట్టుకునేది. చాలా ఏళ్లు బతికింది అలాగే. అందరూ పోయారు. మా చేనూ వాళ్ల తోటా ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి. ఎక్కడ గోడ ఉండేదో చూపించమంటే నేను చూపించలేను.

ఉగాది వెళ్లిన వారం మనవరాలి కుక్కకు ఇంజెక్షన్ వేయించడానికి వెళ్తే వాళ్లతో నేనూ వెళ్లాను. డాక్టరు కుర్రవాడు, నిదానస్థుడు. మా కరియ సంగతంతా చెప్పి అడిగాను. అతను చెయ్యి ఆపి పూర్తిగా విన్నాడు.

"చూడకుండా కచ్చితంగా చెప్పలేనమ్మా. కానీ మీరు చెప్పినవి అవే సింప్టమ్స్. ఆ రోజుల్లో ఊళ్లల్లో పెట్టే మందులైతే నురగలు, ఫిట్స్ వచ్చి గంటల్లో పోయేది. ఇన్ని రోజులు పట్టేది కాదు."

"మా మీద ప్రేమతో పంపినవి ఆ పళ్లు," అన్నాను. అతను సూది పక్కన పెట్టి కుక్క వీపు నిమిరాడు.

మామ కూతుర్ని బళేపేటలో గాజుల అంగడివాళ్లకు ఇచ్చారని ఎప్పుడో ఒక పెళ్లిలో విన్నాను. డాక్టర్ని కలిసిన మర్నాడే మెట్రో దిగి ఆ సందుల్లో దారి అడుగుతూ వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, ఆమెకు ఒక మంచి మాట మోసుకెళ్తున్నానని అనుకున్నాను. ఆమె తండ్రి మచ్చ చెరిగిపోయే మాట. దారంతా ఆ మాటను ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూనే వెళ్లాను.

అంగట్లో కొడుకు బేరాలు చూస్తున్నాడు. ఆమె లోపల గద్దె మీద కూర్చుని గాజులకు దారం కడుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నేనెవరో చెప్పగానే చేతిలో దారం ఆగింది.

"నువ్వా మే," అంది. "కూర్చో. ఇంత దూరం వచ్చినావే."

కొడుకు టీ తెప్పించాడు. నేను అంతా చెప్పాను. ద్రాక్షపళ్లు, రసాయన, డాక్టరు చెప్పింది, ఏదీ దాచలేదు. మా అవ్వ చేతులతో పెట్టిందే దాన్ని చంపిందని, మీ నాయన ఏ పాపం ఎరుగడని చెప్పాను. ఆమె తలవంచుకుని విన్నది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మీ అవ్వకు తెల్సునా ఇది?"

"ఎప్పుడో పోయింది. తెలియకుండానే పోయింది."

"పోనీలే, మేలాయె." దారానికి ముడి వేసింది. "మా నాయన బళేపేటకు వచ్చినాక ఒక ఇనుప సామాను అంగట్లో కూలికి పోతా ఉండె. నన్ను చదివిచ్చె, పెండ్లి చేసె. నన్ను ఒక్క మాటే అడుగుతుండె. కడాకు మంచంలో పడిన్యప్పుడు కూడా అదే. అమ్మీ, నువ్వైనా నన్ను నమ్ముతావా అని. నమ్ముతా నాయనా, నమ్ముతా అంటా ఉంటిని."

గాజుల మీద చెయ్యి పెట్టుకుని, కొడుకుకు వినబడకుండా గొంతు తగ్గించింది.

"నమ్మలేదు మే. ఒక దినమూ నమ్మలేదు. ఆయప్ప అబద్ధం ప్రమాణం చేసి మా అమ్మను తినేసినాడు అనుకుంటానే ఆయప్ప పెట్టిన అన్నం తింటిని. ఆయప్పకి తెల్సు. నేను నమ్మలేదని తెల్సు. అందుకే మళ్లీ మళ్లీ అడుగుతుండె."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆమె వెనక్కి తీసుకుంది.

"ఇన్ని దినాలు ఆయప్పది తప్పని అనుకుని బతికితిని. ఇప్పుడు నువ్వొచ్చి ఇది చెప్తివి. ఇంక నేను ఏమనుకుని ఉండల్ల? చెప్పు."

ఎవరో గాజులకొచ్చారు. ఆమె కళ్లు తుడుచుకుని, సైజు ఎంతమ్మా అని వాళ్లనడిగింది. నేను లేచి వస్తుంటే మళ్లీ రమ్మనలేదు.

ఆ సందుల్లో జనం తోసుకుంటుంటే ఎటు నడుస్తున్నానో తెలియకుండా చాలాదూరం నడిచాను. ఆ ఉగాదినాడు మా రెండిళ్లలో ఎవరూ ఎవరికీ చెడు తలపెట్టలేదు. ఒకాయన రాజీ కోసం పళ్లు పంపాడు. ఒకామె ప్రేమతో పెట్టింది. పెట్టిందని కుక్క తిన్నది. ఇది తెలిసినవాళ్లం ఇప్పుడు ఈ ఊళ్లో ఇద్దరం ఉన్నాం. ఒకరినొకరు ఇంక చూసుకోలేం.